చావింట్లో తీపి కాఫీ

నవంబర్ 14

చదవను. రేపు నా మాట నేనే మర్చిపోకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. నా పెళ్లాం రావియా రాసిన నవల నేను చదవను.

నవలట! పేరు 'చావింట్లో తీపి కాఫీ'. అట్ట మీద కాఫీ కప్పు, కప్పులో మునిగిన మీసం. ఒక హత్య, దాని చుట్టూ పరాచికాలు. పొద్దంతా ఆరోగ్య కార్యాలయంలో కూర్చుని ఊళ్లోవాళ్ల మరణ ధ్రువపత్రాలు రాసే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి ఇంకేం రాస్తుంది? వంటగది పక్కగా వెళ్లినప్పుడల్లా ఏదో టైపు చేస్తూ కనిపించేది. ఆఫీసు పని అనుకున్నాను. అడగలేదు. అడిగితే చెప్పేదేమో, అది వేరే సంగతి.

అప్పుడే మూడో ముద్రణట. నేను మా అలెగ్జాండ్రియా మీద మహా నవల మొదలుపెట్టి ఇన్నేళ్లయినా నా కథానాయకుడి ఓడ ఇంకా రేవు చేరలేదు. మంచి పుస్తకానికి టైము పడుతుంది. వేయించిన పల్లీలకీ మాంసం పులుసుకీ తేడా లేదూ!

పొద్దున మళ్లీ చేదు కాఫీ పెట్టింది. చుక్క తీపి లేదు. చక్కెర లేని కాఫీ పోసేది చావింట్లో, పరామర్శకి వచ్చినవాళ్లకి. నాకు ఒంట్లో చక్కెర ఎక్కువైందని రెండేళ్ల కిందట ఓ డాక్టరు అన్న పాపానికి రోజూ నా ఇంట్లో నేనే పరామర్శకి వచ్చినట్టు తాగుతున్నాను. "ఎవరు పోయారని ఈ కాఫీ?" అన్నాను. రోజూ అంటాను. రోజూ లాగే కప్పు నా ముందుకి కాస్త జరిపి ఆఫీసుకి వెళ్లిపోయింది.

నవంబర్ 15

అట్ట వెనక ఫొటోలో రావియా నవ్వుతోంది. నా ముందు అలా నవ్వగా నేను చూడలేదు. ఆ ఫొటో ఎవరు తీశారు?

నవంబర్ 17

చీపురు తుఫాను వచ్చేసింది. ఏటా ఈ రోజుల్లోనే వచ్చి వీధులన్నీ ఊడ్చిపోతుంది. ఈసారి నా పరువు కూడా ఊడ్చుకుపోయింది.

స్టాఫ్ రూములో భూగోళం చెప్పే షుక్రీ నన్ను చూడగానే, "ఏం ఫఖ్రీ, ఇంకా ఇంట్లోనే టీ తాగుతున్నావా? ధైర్యవంతుడివయ్యా!" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. రెండు పీరియడ్ల పాటు వాళ్ల నవ్వు నా చెవుల్లోంచి పోలేదు. ఇంటికొస్తే గుమ్మం దగ్గర వాచ్‌మన్ పెళ్లాం ఉమ్ రగబ్.

"బతికే ఉన్నారా మాస్టారూ! దేవుడు చల్లగా చూశాడు!"

"నాకేమైందమ్మా?"

"మీకేం కాలేదు బాబూ, ఆ పుస్తకంలో పంతులికే. మా అమ్మాయి రోజూ సాయంత్రం చదివి వినిపిస్తోంది. నవ్వలేక కడుపు పట్టేసిందనుకోండి. పాపం మహానుభావుడు, అన్నం పళ్లెం మీదే..."

"చెప్పకు!" అని అరిచాను.

ఎందుకు అరిచానో తెలియదు. చదవని పుస్తకంలో ఏం జరిగితే నాకేం?

నవంబర్ 18

విమర్శకుడిగా చదివాను. ముప్పై పేజీలే. ఏ పుస్తకమైనా నాకు ముప్పై పేజీలు చాలు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తినాలా? ఈ సంగతి రావియాకీ తెలుసు. మా పెళ్లైన కొత్తలో అల్మారాలోని పుస్తకాలన్నీ దులుపుతూ, "ఏంటి ఫఖ్రీ, అన్నిటికీ ముప్పయ్యో పేజీ దగ్గరే చెవి మడిచి ఉంది?" అని అడిగింది. అప్పుడు నవ్వేది.

పుస్తకానికి పదో తరగతి వ్యాకరణం అట్ట తొడిగాను.

అంకితం చూసి ఒళ్లు మండింది. 'చివరి పేజీ దాకా చదివేవాడికి' అట. ఎవడు వాడు? దాని కిందే కృతజ్ఞతలు. 'మనిషి ఒంటి గుట్టంతా ఓపిగ్గా విప్పి చెప్పిన డాక్టర్ ఫువాద్‌కి.' డాక్టరు కాదు, కింద మందుల కొట్టువాడు. మనిషి ఒంటి గుట్టంట! ఏ మనిషి? ఎవరి ఒళ్లు? నా పేరు ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

ఇక కథ. సబ్రీ అనే రిటైరైన బడిపంతులు రంజాన్ పండగ రెండో రోజున వంటగది బల్ల మీద తల వాల్చి పోయాడు. మీసాలకి ఏదో తెల్లటి పొడి. పూడ్చేశారు. సాయంత్రం వీధి వీధంతా పరామర్శకొచ్చి కూర్చుంది. విధవ అజీజా అందరికీ కాఫీ అందించింది. మొదటి గుక్కకే మొహాలు బిగుసుకుపోయాయి. తియ్యగా ఉంది! మొగుడు పోయిన ఇంట్లో, పెళ్లింట్లో షర్బత్ పోసినట్టు, చక్కెర కాఫీ! మింగలేరు, కక్కలేరు. షేక్ గారు ఖురాన్ చదువుతూ చదువుతూ నోట్లో కాఫీ పెట్టుకుని ఆగిపోయాడు. హలీమ్ అనే ఇన్‌స్పెక్టరు ఒక్కడే కప్పు ఖాళీ చేసి, "ఇంకాస్త పోస్తారా అమ్మా?" అని, మర్నాడు శవాన్ని తవ్వి తీయించాడు.

నేను నవ్వాను. కాదు, దగ్గొచ్చింది. రావియా పక్క గదిలోంచి "ఏంటి?" అంది. "వ్యాకరణం," అన్నాను.

ఆ సబ్రీ ఎవరో గాని వట్టి చాదస్తుడు. జేబులో సుద్దముక్క పెట్టుకుని దారి పొడుగునా దుకాణాల బోర్డుల మీద తప్పులు దిద్దుతుంటాడు. నేనైతే ఎర్ర పెన్ను వాడతాను. ఎక్కడా పోలిక లేదు.

నవంబర్ 21

బయూమీ మిఠాయి కొట్టు బోర్డు మీద మళ్లీ అదే తప్పు. చెప్పడానికి లోపలికి వెళ్లాను. అప్పుడే మల్బన్ మిఠాయి ముక్కలు పొడి చక్కెరలో దొర్లిస్తున్నాడు. "రండి మాస్టారూ, ఓ ముక్క నోట్లో వేసుకోండి," అన్నాడు. పెద్దవాడు, హజ్ చేసొచ్చినవాడు, కాదంటే బాగుండదు.

ఇంటికొచ్చాక రావియా నా కోటు వైపు చూసింది. "చాక్‌పీసు పొడి," అన్నాను. అరచేత్తో దులిపింది.

నవంబర్ 22

కొత్త బూటు కరిచింది. ఎడమ కాలి బొటనవేలు. అదే పోతుంది.

నవంబర్ 24

నూట పది పేజీలు. ఎందుకు చదువుతున్నానంటే తప్పులు పట్టడానికి. ఇప్పటికి మూడు అచ్చుతప్పులు దొరికాయి, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను.

ఇన్‌స్పెక్టర్ హలీమ్ రోజూ అజీజా ఇంటికొస్తున్నాడు. విచారణట. ఆమె కాఫీ పోస్తుంది, అతను తాగుతాడు, ఆమె చెప్పింది చివరి మాట దాకా వింటాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాడు. 'ఆ మనిషి చెవుల్లో కుర్చీ వేసినట్టుండేది,' అని రాసింది. 'ఎవరి మాటైనా వెళ్లి కూర్చోవచ్చు.'

ఎంత బాగా రాసింది! ఎవరి చెవుల గురించి రాసింది?

సమాధానం సాయంత్రమే దొరికింది. మెట్లు దిగుతుంటే మందుల కొట్లో రావియా కనిపించింది. కౌంటరు మీదకి వంగి మెల్లగా ఏదో చెబుతోంది. ఫువాద్ తల పంకిస్తూ వింటున్నాడు. కళ్లజోడు తీసి, చేతిలో పట్టుకుని మరీ వింటున్నాడు! నేను లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఠక్కున ఆగిపోయాయి. రావియా చిన్న డబ్బా ఒకటి సంచిలో వేసుకుంది.

"ఏంటది?"

"తలనొప్పి మాత్రలు."

"తలనొప్పి మాత్రలు అంత పెద్ద డబ్బాలో వస్తాయా?"

"పెద్ద తలనొప్పికి పెద్ద డబ్బా," అంది రావియా. ఫువాద్ ఫక్కున నవ్వాడు. నా ముందే, నా పెళ్లాం జోకుకి.

"మీ ఆవిడ రాత అద్భుతం మాస్టారూ," అన్నాడు. "ఆ ముగింపు ఉంది చూశారూ, రెండు రోజులు నిద్రపట్టలేదు నాకు. మీరు పూర్తి చేశారా?"

"నేను హత్యల పుస్తకాలు చదవను."

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెప్పపాటే. కానీ చూసుకున్నారు, నేను కళ్లారా చూశాను.

చివరి పేజీ దాకా చదివేవాడు దొరికాడు.

నవంబర్ 27

ట్రాములో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఇంకో స్టాపు కూడా దాటాను. అది నా తప్పు కాదు, తవ్వి తీసిన శవాన్ని తీసుకెళ్లే బండి చెడిపోయి, శవాన్ని ఐసుతో చేపల బండి మీద వేసుకొస్తుంటే దారిలో ఎవరో బేరమాడే ఘట్టం అది. పక్కనున్న ముసలావిడ, "వ్యాకరణంలో ఇంత నవ్వుందా నాయనా!" అంది.

ఈ నవ్వంతా ఆమెలో ఎక్కడ దాచింది? రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుంది. "ఉప్పు అందుకో", "కరెంటు బిల్లు వచ్చింది" తప్ప మాటలుండవు. మునుపు బాగా మాట్లాడేది. ఆఫీసులో జరిగినవన్నీ చెప్పేది, బతికున్న మొగుడికి మరణ పత్రం రాయమని వచ్చిన ఆవిడ గురించీ, ఇంకా ఏవేవో. మాటల్లో తప్పులు దొర్లేవి, దిద్దేవాణ్ణి. భాషంటే నాకున్న గౌరవం అలాంటిది. ఎప్పుడు మానేసిందో గమనించలేదు.

ఆ మాటలన్నీ ఇప్పుడు పుస్తకంలో ఉన్నాయి. బతికున్న మొగుడి కథ కూడా ఉంది. మొదట విన్నది నేను. మరి ఫువాద్‌కి కృతజ్ఞతలేంటి?

డిసెంబర్ 1

నూట అరవయ్యో పేజీ దగ్గర అజీజా మీద అనుమానం గట్టిపడింది. వంట ఆమె చేతిదే. తెల్లటి పొడి ఏదో ఇంకా తేలలేదు. పైగా ఇన్‌స్పెక్టరుతో అంటుంది కదా, "ఆయన్ని చంపాలని నేను రోజుకి మూడుసార్లు అనుకునేదాన్ని సార్. భోజనానికి ముందు, భోజనంలో, భోజనమయ్యాక." దానికి ఆ ఇన్‌స్పెక్టరు నవ్వి చస్తాడు.

రాత్రి భోజనానికి చేప, ఎర్రగా వేయించిన ఉల్లిపాయల అన్నం. నాకు ఎంతో ఇష్టం. పళ్లెం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని నా నోటి వైపే చూస్తోంది.

"ఆకలి లేదు," అన్నాను.

"చదువుతున్నావా ఫఖ్రీ?"

"ఏది?"

"ఆ పంతులికి కూడా నూట అరవయ్యో పేజీలోనే ఆకలి పోయింది."

"ఆ పంతులికీ నాకూ సంబంధం ఏంటి?"

"నేను అన్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?" అంటూ చెయ్యి చాపి నా భుజం దులిపింది. తెల్లటి పొడి రాలింది. "చాక్‌పీసు," అన్నాను. ఆమె పళ్లెం తీసుకెళ్లిపోయింది. వంటగదిలో కుళాయి చాలాసేపు నడిచింది.

డిసెంబర్ 2

ఇంట్లో తినడం తగ్గించాను. ముందుజాగ్రత్త. నాకేం భయం లేదు. కానీ అనుమానం అనేది వచ్చాక ఆ ముద్ద దిగదు.

బయట తిండికి కొదవేముంది! బయూమీ రమ్మన్నాడు, బస్బూసా రవ్వ కేకు అప్పుడే పొయ్యి దిగింది. ట్రాము స్టాపు దగ్గర కాపలావాళ్లు రొట్టె విప్పుకుని "రండి మాస్టారూ, మాతో ఓ ముద్ద" అన్నారు, కూర్చున్నాను. టీలో చక్కెర దండిగా వేశారు. పిలిచినప్పుడు వెళ్లకపోతే ఎదుటివాణ్ణి చిన్నబుచ్చినట్టు. రావియా మాత్రం, "అవి పడవవాడి పిలుపులు ఫఖ్రీ. నది మధ్యలో తింటూ గట్టు మీదవాణ్ణి రమ్మంటాడు, ఈదుకుంటూ వెళ్లేది నువ్వొక్కడివే," అంటుంది. జనాల మంచితనం మీద ఆమెకి నమ్మకం లేదు.

బూటు ఇంకా కరుస్తోంది. కొత్త బూటు కాదని ఇప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఏడాదిది.

డిసెంబర్ 4

ఏటా చీపురు తుఫాను వెనకాలే వచ్చే ఖాసిమ్ తుఫాను. సముద్రం రోడ్డు మీదకి వచ్చేసింది. అయినా పుస్తకాల కొట్టు నిండిపోయింది. అంత వానలో జనం నా పెళ్లాన్ని చూడ్డానికి వచ్చారు.

నన్ను పిలవలేదు. పిలిచింది, నేను రానన్నాను. రానన్నవాడిని కదా, వెనకాల నిఘంటువుల బీరువా చాటున నిలబడ్డాను. రావియా నీలం రంగు శాలువా కప్పుకుంది. ఏం మాట్లాడినా జనం నవ్వుతున్నారు. ముందు వరసలో ఫువాద్.

ఓ అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, మీవారు పుస్తకం చదివారా? ఏమన్నారు?"

"మావారా? మావారు ముప్పై పేజీల మనిషి. ముప్పయ్యో పేజీ దాటి నాతో కూడా రాలేదు."

కొట్టు దద్దరిల్లింది. ఫువాద్ కళ్లు తుడుచుకుంటున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆమె కూడా నవ్వేసి కిందకి చూసింది, అందరి నవ్వూ ఆగినా తల ఎత్తలేదు. అలసిపోయి ఉంటుంది. ఇంత పేరు మొయ్యాలంటే మాటలా!

అవును, కుళ్లుగానే ఉంది. ఎవరూ చదవని ఈ డైరీలోనైనా నిజం రాసుకుంటాను. నా ఎర్ర పెన్ను కన్నా ఆమె మాట బలంగా ఉందని కుళ్లు. ఊరంతా విన్న మాటలు నేనే వినలేదని కుళ్లు. వాడెవడో వింటున్నాడని ఇంకా కుళ్లు.

దారిలో బయూమీ కొట్టు తీసే ఉంది. ఎంత తిన్నానో రాయను.

డిసెంబర్ 6

నిన్న ట్రాములో కాస్త కళ్లు తిరిగాయి. వాతావరణం. ఎవరో ఇంటికి చేర్చారు.

కళ్లు తెరిచేసరికి మంచం మీద ఉన్నాను. తల రావియా ఒడిలో. ఫువాద్ నా చెయ్యి పట్టుకుని వేలికి సూది గుచ్చుతున్నాడు. ఆమె సంచిలోని పెద్ద డబ్బా బల్ల మీద విప్పి ఉంది. అందులో సూదులు, కాగితం పట్టీలు, ఓ చిన్న మిషను. ఫువాద్ మిషను చూశాడు, తర్వాత నా తల మీదుగా రావియా వైపు చూశాడు. ఆ స్థితిలో కూడా నాకు గుర్తున్నది అదే, ఆ చూపు.

"పొద్దున్నించి ఏం తిన్నారు మాస్టారూ?"

"ఏమీ తినలేదు."

"కాళ్లు ఓసారి చూడనివ్వండి. మేజోళ్లు విప్పుతాను."

"అక్కర్లేదు. ముట్టుకోకు!"

"చూడనీ ఫఖ్రీ," అంది రావియా.

"నీ ఇన్‌స్పెక్టర్ని బయటికి పంపు," అన్నాను.

రావియా ముందు తెల్లబోయింది. తర్వాత, ఎందుకో, కళ్లలో నీళ్లతో నవ్వింది. "సగం దాటావన్నమాట," అంది.

డిసెంబర్ 7

సెలవు పెట్టించారు. తొంభై పేజీలు మిగిలాయి. చదవను. ముగింపులో ఆమె వాణ్ణి పెళ్లి చేసుకుంటే ఈ ఇంట్లో నేనేం చెయ్యాలి?

డిసెంబర్ 8

రావియా ఆఫీసుకి వెళ్లాక మొదలుపెట్టాను. మధ్యాహ్నం నమాజు పిలుపుకి అయిపోయింది. జీవితంలో నేను చివరిదాకా చదివిన పుస్తకం ఇది. పాఠ్యపుస్తకాలు వదిలేస్తే, ఇదొక్కటే.

సబ్రీని ఎవరూ చంపలేదు.

ఇన్‌స్పెక్టరు అతని ఆఖరి పొద్దుటి దారంతా మళ్లీ నడిచాడు. పండగ రోజు. ప్రతి గుమ్మంలోనూ పొడి చక్కెర అద్దిన బిస్కెట్ల పళ్లెం. ప్రతివాళ్లూ మర్యాదకి, "రండి మాస్టారూ, ఒక్కటి నోట్లో వేసుకోండి" అన్నారు. అలా పిలిస్తే, "దేవుడు మీకు మరింత ఇవ్వాలి" అని చెప్పి నడిచిపోవాలి. ఊరు ఊరంతా అలాగే పోతుంది. సబ్రీ మాత్రం ప్రతి ఇంటా కూర్చున్నాడు. ఒంట్లో చక్కెర జబ్బు పెట్టుకుని, పెళ్లాం నోరు కడుతోందని, వీధి పొడుగునా కూర్చున్నాడు. మీసాల మీది పొడి సుద్ద అని అందరూ అనుకున్నారు, పంతులు కదా. ఇన్‌స్పెక్టరు ఆ మనిషి కోటు జేబులో వేలు పెట్టి నాకి చూశాడు. అందరినీ వరసగా నిలబెట్టి అన్నాడు: "మీలో ప్రతి ఒక్కరూ చంపారు. ఆయుధం మర్యాద. దానికి బేడీలు నా దగ్గర లేవు, ఇళ్లకి వెళ్లండి."

నవ్వాను. నిజంగా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ మంచం పక్క సొరుగు తీసి, బయూమీ ఇచ్చిన పొట్లం చూశాను. మళ్లీ మూసేశాను.

ఆ తర్వాత అజీజా అంటుంది: "కోటు మీదది సుద్ద కాదని నాకు మొదట్నించీ తెలుసు సార్. రోజూ దులిపేదాన్ని. దులిపినప్పుడల్లా, చచ్చిపోతావురా, నాకు భయంగా ఉంది, అని చెబుదామనుకునేదాన్ని. నోరు తెరిస్తే మాటలో తప్పు దిద్దేవాడు. చెప్పాల్సింది అక్కడే ఆగిపోయేది."

ఈ పేజీని మూడుసార్లు చదివాను.

చివరి అధ్యాయంలో ఇన్‌స్పెక్టరు పెళ్లి చేసుకుందామంటాడు. నాకు తెలుసు! మొదటి రోజు నించీ తెలుసు! అజీజా ఏదో జవాబు చెబుతుంది, అందులో తప్పుంది. పసిపిల్లలు చేసే తప్పు, ఆడదానికి చెప్పాల్సిన క్రియ మగవాడికి చెప్పింది. చివరి పేజీల్లో ఇంత తప్పా! ఇంత పేరున్న రచయిత్రి! చేతికి పట్టరాని ఉత్సాహంతో ఎర్ర పెన్ను తీసి పెద్ద సున్నా చుట్టాను.

చుట్టాక కింది వాక్యం చదివాను.

'కావాలనే తప్పు పలికింది. పలికి, ఆగి చూసింది. ఇన్‌స్పెక్టరు చిరునవ్వు నవ్వాడు. దిద్దలేదు. గదిలో ఎవరూ దిద్దలేదు. మొగుడు పోయిన ఇన్ని రోజులకి అజీజాకి అప్పుడు ఏడుపొచ్చింది.'

ఎర్ర సిరా ఇంకా ఆరలేదు. ఆ సున్నాని వేలితో తుడవబోతే పేజీ అంతా పులుముకుంది. నేను అక్కడ సున్నా చుడతానని ఆమెకి తెలుసు. ఫువాద్ చుట్టడు. ఈ లోకంలో ఇంకెవడూ చుట్టడు. ఎవరి కోసం రాసిందో ఇంతకన్నా గట్టిగా ఎలా చెబుతుంది?

ఆఖరి పేజీలో ఇన్‌స్పెక్టరు గుమ్మం దాటుతూ ఒకటే ప్రశ్న వేశాడు. పరామర్శ కాఫీలో చక్కెర ఎందుకు వేశావమ్మా అని.

'రోజూ పొద్దున్నే నా చేదు కాఫీ చూసి, ఎవరు పోయారని ఈ కాఫీ, అని అడిగేవాడు సార్. ఆ రోజు నిజంగానే పోయారు. ఇంక చేదెందుకు? ఆయనకి ఇష్టమైనట్టు కలిపాను.'

అక్కడితో అయిపోయింది. వెనక తెల్ల కాగితం ఉంది. దాన్ని కూడా తిప్పి చూశాను.

ఆమె వచ్చేదాకా వరండాలో కూర్చున్నాను. సంచి కింద పెట్టకముందే బయూమీ పొట్లం చేతికిచ్చాను. స్టూలు మీద కాలు పెట్టి, మేజోడు విప్పాను. నాకే చూడబుద్ధి కాలేదు. వేలు నల్లబడింది. వాసన.

"ఎన్నాళ్ల నించి?"

"బూటు కరిచిందనుకున్నాను."

తిడుతుందనుకున్నాను. నేల మీద కూర్చుని, నా మడమ రెండు చేతుల్లోకి తీసుకుంది. "నేనూ కోటు మీదది చాక్‌పీసే అనుకున్నా," అంది.

"భయంగా ఉందా?" అని అడిగాను.

చెప్పింది. చాలాసేపు చెప్పింది. మధ్యలో తప్పులు దొర్లాయి. నేను విన్నాను.

ఫువాద్‌ని నేనే పిలిచాను, మెట్ల మీంచి కేకేసి. పరిగెత్తుకుంటూ వచ్చాడు. మంచి చెవులే, కాదనను.

డిసెంబర్ 10

పెద్దాసుపత్రిలో చూశారు. వేలు ఉంచుతారో తీసేస్తారో వారం ఆగాలట. వేలితో ఆగుతుందా అని రావియా అడిగింది. ఆ డాక్టరు ఇంకేవో పరీక్షలు రాసిచ్చాడు. దారిలో ఆమె చెయ్యి నా జేబులో పెట్టుకుంది. చాక్‌పీసు దొరికింది. నాలిక మీద పెట్టుకుని చూసి, "ఇది నిజంగా చాక్‌పీసే," అంది.

ఉమ్ రగబ్ గుమ్మంలో రొట్టె తింటోంది. "రండి మాస్టారూ, ఓ ముద్ద!"

"దేవుడు నీకు మరింత ఇవ్వాలమ్మా," అన్నాను. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది పాపం ఆవిడకి.

డిసెంబర్ 11

పొద్దున్నే కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. తాగాను. చేదుగానే ఉంది, అబద్ధం ఎందుకు. సగం అయింది. ఆమె చేతిసంచి భుజానికి తగిలించుకుని, ఆఫీసుకి వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"ఇవాళ అడగలేదేం?"

"ఏమని?"

"ఎవరు పోయారని."

కప్పు ఖాళీ చేసి ఆమె వైపు జరిపాను.

"ఎవరూ పోలేదుగా," అన్నాను. "ఇంకాస్త పొయ్యి."